గాలి లేని ఉప్పెన

పెరీనా ఓడ మీద వంట చేయడం మొదలుపెట్టి ముప్ఫై ఒక్క వేసవులయింది. సముద్రాన్ని నిలబడి చూసి మాత్రం ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. వంటగది గుండ్రటి కిటికీలోంచి నీలంగా ఏదో కదులుతూ ఉంటుంది, అంతే. గిన్నెలు జారితే అలలున్నట్టు, జారకపోతే లేనట్టు.

ఓడ వాళ్ళ నాన్నది. ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలు మోసిన కొయ్య ఓడ. ఇప్పుడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా యాత్రికులను స్ప్లిట్ నగరం రేవులో ఎక్కించుకుని, వారం రోజులు దీవులన్నీ తిప్పి, మళ్ళీ స్ప్లిట్‌లోనే దింపుతుంది. కెప్టెను పెరీనా తమ్ముడు ప్రోష్పెర్. అతనికి యాభై ఏళ్ళు. తల్లి పోయేనాటికి ఆరేళ్ళవాడు కావడంతో అక్క చేతుల్లోనే పెరిగాడు. ఓడ మీద పదిమందికి ఆజ్ఞలిస్తాడు గానీ, మబ్బు పడితే ముందు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు.

ఆ వారం ఎక్కిన ఇరవై నలుగురూ స్లవోనియా మైదానం నుంచి వచ్చిన పింఛనుదారులు. మొక్కజొన్న చేల మధ్య పుట్టి, మొక్కజొన్న చేల మధ్యే ముసలివాళ్ళయినవాళ్ళు. వాళ్ళందరి తరఫునా మాట్లాడేది ఒక్కావిడే, జుర్జా. పోస్టాఫీసు కిటికీ వెనక నలభై ఏళ్ళు కూర్చుని వచ్చిన మనిషి.

"ఏమమ్మా పెరీనా, ఇది సముద్రమా, మా ఊరి చేపల చెరువా?" అంది మూడో రోజు భోజనాల దగ్గర. "వాంతుల మాత్రలు రెండు డబ్బాలు తెచ్చుకున్నాను. ఒక్కటీ వాడే యోగం లేదు."

"మాత్రలు పాడైపోతాయని బెంగా? ఉండండి, మావాడితో చెప్పి కాసేపు ఓడను ఊపిస్తాను."

"ఊపించు. డబ్బులిచ్చి వచ్చింది ఊగడానికే."

నిజానికి ఆ మూడు రోజులూ సముద్రం మీద ముడత లేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఒంటిగంటకల్లా తప్పకుండా వచ్చి ఒళ్ళు చల్లబరిచే పడమటి గాలి మైస్ట్రాల్ కూడా మొహం చూపించలేదు. ఆకాశం పాతబడిన పసుపుగుడ్డలా ఉంది. దక్షిణాన సముద్రానికి ఆవలి ఎడారుల నుంచి లేచిన ధూళి ఎక్కడో పైపైన పోతోంది. ఓడ తెల్లరంగు మీద వేలితో రాస్తే ఎర్రటి చార పడుతోంది. ఉండుండి పొయ్యి తలుపు తెరిచినట్టు ఒక వేడి ఊపు తగిలి పోయేది. జెండా ఒకసారి కదిలి, మళ్ళీ వేలాడిపోయేది.

వీటినన్నిటినీ పట్టించుకున్న యాత్రికుడు ఒక్కడే, వెండెలిన్ మాస్టారు. డెబ్భై నాలుగేళ్ళు, చువ్వలాంటి మనిషి. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. రోజుకు నాలుగుసార్లు చుక్కాని గది గుమ్మం దగ్గరికి వచ్చి, గోడకున్న గాలి ఒత్తిడి మీటరును చూసి పోయేవాడు.

"కెప్టెన్ గారూ, ముల్లు వణుకుతోందండీ. పడడం కాదు, లేవడం కాదు, వణుకు."

"పాతదైపోయింది మాస్టారూ. పొద్దున కాఫీ పడేదాకా నా చెయ్యీ అంతే వణుకుతుంది," అన్నాడు ప్రోష్పెర్ నవ్వుతూ. కానీ ఆయన వెళ్ళాక అక్క దగ్గరికొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ఈ వాన రాదు, ఈ గాలి రాదు. నాకు నచ్చడం లేదక్కా."

"నీకు ఎప్పుడు నచ్చింది గనక? వెళ్ళు, ఉల్లిపాయలు మాడుతున్నాయి."

ఆ సాయంత్రం ద్రాజిన అనే ఊరి రేవులో ఆగారు. అక్కడి అఖాతం గరాటు ఆకారంలో ఉంటుంది. దాని నోరు దక్షిణ సముద్రం వైపు వెడల్పుగా తెరుచుకుని, లోపలికి వచ్చేకొద్దీ ఇరుకైపోయి, చివర ఊరిని తాకుతుంది. రాతి గట్టు, గట్టు వెంబడి కాఫీ కొట్లు, రొట్టెల దుకాణం, వెనకాల మెట్లు మెట్లుగా కొండ మీదికి ఇళ్ళు, అన్నిటికన్నా పైన చర్చి. ఓడను గట్టు పక్కనే నాలుగు తాళ్ళతో కట్టేశారు.

మర్నాడు పొద్దున ఆరు దాటాక పెరీనా రొట్టెల కోసం దిగింది. ఆమెతోపాటు ఏడుగురు యాత్రికులు కూడా కాఫీకని దిగారు. వాళ్ళలో జుర్జా ఉంది, మాస్టారు ఉన్నాడు. పెరీనా వెచ్చటి రొట్టెల సంచి చంకన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి ఓడ ఎక్కే పలక నిటారుగా కిందికి వాలి ఉంది. వెళ్ళేటప్పుడు పలక గట్టుకు సమంగా ఉన్నట్టు ఆమెకు గుర్తు. గట్టు రాళ్ళకు అంటుకున్న నాచు, నల్లటి గవ్వలు మనిషి నడుమెత్తు బయటపడి, నీరు కారుతూ మెరుస్తున్నాయి.

ఈ సముద్రంలో ఆటుపోట్లంటే జానెడు. ఇలా నడుమెత్తు దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

చూస్తుండగానే నీరు తిరిగి రావడం మొదలైంది. అల లేదు, చప్పుడు లేదు. ఎవరో కింద నుంచి నింపుతున్నట్టు పైకి, ఇంకా పైకి వచ్చి, గట్టు అంచు దాటి, రాతి పలకల మీద పల్చగా పరుచుకుంది. కాఫీ కొట్టు కుర్చీల కాళ్ళు తడిశాయి. కూర్చున్నవాళ్ళు కాళ్ళెత్తుకుని కేరింతలు కొట్టారు.

"ఇదిగో పెరీనా! చివరికి కదిలిందమ్మా నీ చెరువు!" అని అరిచింది జుర్జా, చెప్పులు చేత్తో పట్టుకుని.

పెరీనా నవ్వలేదు. ఆమెకు అమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మ ఇలాంటి గరాటు అఖాతంలోనే పుట్టింది. వంటింట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పేది: "దీన్ని ష్చిగ అంటారే. గాలి లేకుండా సముద్రం వెళ్ళిపోతే, సాగనంపడానికి వెంట పోకండి. ఏదో మర్చిపోయానని వెనక్కి వస్తుంది. అప్పుడు దారిలో ఉన్నది ఏదైనా తనదే అనుకుంటుంది." పిల్లల్ని రేవుకు పోకుండా బెదిరించే కథ అనుకుంది పెరీనా ఇన్నేళ్ళూ.

నీరు మళ్ళీ దిగసాగింది. ఈసారి ఆగేలా లేదు. ఓడ దానితోపాటే కిందికి పోతుంటే తాళ్ళు వీణతీగల్లా బిగిసి కిర్రుమంటున్నాయి. ఓడ ఒక పక్కకి ఒరుగుతోంది. ప్రోష్పెర్ చుక్కాని గది నుంచి బనియను మీదే బయటికి ఉరికి వచ్చాడు.

"ఒరేయ్! తాళ్ళు తెంచు! బయటికి పో, అఖాతం దాటి లోతులోకి పో!" పెరీనా గట్టు మీద నుంచి అరిచింది.

"ఏడుగురు ఒడ్డున ఉన్నారక్కా! నువ్వున్నావు!"

"నేను చూసుకుంటాను!"

"వాళ్ళను పిలువు, రెండు నిమిషాలు ఆగుతాను!"

"రెండు నిమిషాలకు నీ ఓడ బురదలో పడుకుంటుంది రా, వెధవా! దాని మీద పదిహేడు మంది ఉన్నారు. మళ్ళీ నీళ్ళొచ్చినప్పుడు దాన్ని తీసుకెళ్ళి ఇళ్ళ గోడలకేసి కొడతాయి. తెంచు!"

అతను ఒక్క క్షణం అక్క మొహంలోకి చూశాడు. ఆరేళ్ళప్పుడు బడి గుమ్మం దగ్గర ఆమె తన చెయ్యి వదిలించుకున్న రోజు ఎలా చూశాడో అలాగే చూశాడు. తర్వాత గొడ్డలి తీసుకున్నాడు. తెగిన తాడు పాములా లేచి గట్టు మీద చరిచింది. రెండోది, మూడోది, నాలుగోది. ఇంజను అరిచింది. దిగుతున్న నీటి లాగుడుకు ఓడ గింగిరాలు తిరిగి, సర్దుకుని, అఖాతం నోటి వైపు కొట్టుకుపోతున్నట్టే వెళ్ళిపోయింది.

పెరీనా రొట్టెల సంచి అక్కడే వదిలేసి కాఫీ కొట్ల వైపు పరుగెత్తింది.

"జుర్జా! అందర్నీ తీసుకుని పైకి పదండి. చర్చి దాకా. వెనక్కి చూడకండి!"

జుర్జా ఏదో అనబోయి, పెరీనా మొహం చూసి ఆగిపోయింది. తర్వాత నలభై ఏళ్ళ పోస్టాఫీసు గొంతు బయటికి తీసింది. "లేవండి అందరూ! వరసలో! కప్పులు వదిలెయ్యి దొరా, ఎవరూ ఎత్తుకుపోరు!" తనవాళ్ళనే కాదు, దారిలో కనిపించిన ఊరివాళ్ళను కూడా కోళ్ళను తోలినట్టు మెట్ల వైపు తోలింది.

పెరీనా లెక్కపెట్టింది. ఆరుగురే ఉన్నారు.

"మాస్టారేరీ?"

ఒకాయన చేత్తో చూపించాడు. రేవు లోపలి కొసన, నిన్న పడవలు తేలిన చోట, వెండెలిన్ మాస్టారు సముద్రం అడుగున నిలబడి ఉన్నాడు. బూట్లు గట్టు మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

పెరీనా నాచు పట్టిన రాతి మెట్ల మీదుగా జారుతూ దిగింది. కాళ్ళ కింద మెత్తటి బురద, దాని మీద నేలకు అంటుకుపోయిన పొడుగాటి సముద్రపు గడ్డి. పడవలన్నీ పక్కలకు ఒరిగి పడుకున్నాయి. వెండి చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక ఆక్టోపస్ ఎనిమిది కాళ్ళతో మెల్లగా, ఎవరి కంటా పడకూడదన్నట్టు రాళ్ళ చాటుకు నడిచిపోతోంది. నిన్నటిదాకా ఇరవై అడుగుల నీలం ఉన్న చోట పెద్ద లంగరొకటి తుప్పుపట్టి నిలబడి ఉంది.

ఆమె మాస్టారి చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు పటం మీద నీలం రంగు చూపించి ఇదే సముద్రం అని చెప్పానమ్మా పిల్లలకి. దీనికింద నేలుంటుందని చెప్పాను. చెప్పానే గానీ..."

"మాస్టారూ, రండి."

రండి అందే గానీ ఆమె కాళ్ళూ కదల్లేదు. చప్పుడు లేకపోవడమే ఆమెను అక్కడ కట్టేసింది. నీటి చప్పుడు ఎప్పుడూ ఉండేదని, అది ఆగిపోయాకే తెలిసింది. అఖాతం సగందాకా ఖాళీ. అంత బరువు, అంత నీరు, ఎవరూ తొయ్యకుండా, ఎవరూ పిలవకుండా లేచి వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు దీని వీపు మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగాను అనుకుంది పెరీనా. ఒళ్ళంతా గగుర్పొడిచింది. భయమని అనుకోవడానికి లేదు. చర్చిలో పెద్ద గంట కింద నిలబడ్డప్పుడు, అది మోగకముందే ఎముకల్లోకి వచ్చే జలదరింపు లాంటిది.

దూరాన నీటి అంచు కొద్దిగా మెరిసింది. మెరిసి, దగ్గరైంది.

"నడవండి!" ఆమె ఆయన్ని లాగింది. సగం లాక్కుంటూ, సగం మోస్తూ మెట్ల దాకా వచ్చేసరికి నీరు చీలమండలకు చేరింది. మెట్లెక్కేసరికి మోకాళ్ళకు వచ్చింది. గట్టు మీదికి వాళ్ళు ఎక్కితే, వెనకే నీరూ ఎక్కింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు నిశ్శబ్దంగా ఉబ్బి, వాళ్ళను తరుముకుంటూ సందులోకి వచ్చింది. నడుము దాకా వచ్చేసరికి కాళ్ళు తేలిపోయాయి. పెరీనా ఒక చేత్తో రొట్టెల దుకాణం కిటికీ ఊచలు పట్టుకుంది, రెండో చేత్తో మాస్టారి బెల్టు పట్టుకుంది. వాళ్ళ పక్కనుంచి కుర్చీలు, పెట్టెలు, పొద్దున కాల్చిన రొట్టెలన్నీ తేలిపోతున్నాయి. ఒక చేపల పడవ, మనిషి లేకుండా, వీధిలోంచి దారి తెలిసినదానిలా మలుపు తిరిగి వెళ్ళింది.

"ఊచలు వదలకండి మాస్టారూ!"

"వదలను. నువ్వు నా బెల్టు వదలకు తల్లీ, ప్యాంటు వదులుగా ఉంది," అన్నాడాయన, పళ్ళు టకటకలాడుతుంటే.

పెరీనాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నీరు ఉబ్బడం ఆగిన ఒక్క క్షణం చూసుకుని ఇద్దరూ ఊచ నుంచి ఊచకు పాకి, పక్కనున్న మెట్ల దారికి చేరారు. ఆ తర్వాత ఆగలేదు.

చర్చి ముంగిట ఊరంతా ఉంది. జుర్జా తనవాళ్ళను గోడ వారన కూర్చోబెట్టి తలలు లెక్కిస్తోంది. వీళ్ళిద్దరినీ చూడగానే లేచి ఎదురొచ్చింది. తన ఉన్ని శాలువా తీసి మాస్టారికి కప్పి, పెరీనా తడిసిన తలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని వదిలింది.

ఆ తర్వాత నాలుగు గంటలపాటు అక్కడి నుంచి అందరూ చూస్తూ నిలబడ్డారు. సముద్రం వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మాస్టారు గడియారం చూసి చెప్పాడు, ఒక్కో రాకపోకకూ దాదాపు ఇరవై నిమిషాలు. వచ్చినప్పుడల్లా మరో మెట్టు ఎక్కేది. ఐదోసారి పోస్టాఫీసు బోర్డును ముంచి, బడి గోడ కూల్చి, మూడు పడవల్ని తెచ్చి ఊరి నడిమి చౌకులో దింపిపోయింది. అయినా ఆకుల్లో గాలి లేదు. పసుపు ఆకాశం కింద ఒక్క అల లేదు. కూలిన గోడ చప్పుడు కొండ మీదికి వినిపించేది, ఆ పైన మళ్ళీ నిశ్శబ్దం. ఏడ్చే పిల్లలు కూడా మానేసి చూస్తున్నారు.

ఐదోసారి వెనక్కి తగ్గినప్పుడు అఖాతం ఎన్నడూ లేనంత ఖాళీ అయింది. మధ్యలో, బురదలో, నల్లటి పక్కటెముకల్లా కొయ్యలు బయటపడ్డాయి. పెద్ద పడవ అస్థిపంజరం. ముందు కొమ్ము ఇంకా నిటారుగా ఉంది. తొంభైకి దగ్గర పడ్డ ఒక ముసలామె కర్ర ఊతతో గోడ దగ్గరికి వచ్చింది.

"అది మా నాన్న పడవ," అంది ఎవరితోనూ కాకుండా. "యుద్ధంలో సైనికులు పట్టుకుపోతారని ఒక రాత్రి తనే గొడ్డలితో అడుగు చీల్చి ముంచేశాడు. ఎక్కడ ముంచాడో చెప్పమంటే చెప్పకుండానే పోయాడు. మా అమ్మ నమ్మలేదు, అమ్ముకుని తాగాడంది బతికినన్నాళ్ళూ."

ముసలామె రెప్ప వెయ్యకుండా చూసింది. ఐదారు నిమిషాల తర్వాత నీరు వచ్చి ఆ కొమ్మును కప్పేసింది. ఆమె గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. పెరీనా తను కూడా వేసుకుంటున్నట్టు చెయ్యి లేచాకే గమనించింది.

అప్పటికి గుర్తొచ్చింది ఆమెకు, జుర్జా దగ్గర ఫోనుందని. అడిగి తీసుకుని తమ్ముడి నంబరు నొక్కింది.

"ఒరేయ్! బతికే ఉన్నావా? ఎలా ఉంది అక్కడ?"

"ఎలా ఉండడమేంటి?" ప్రోష్పెర్ గొంతు బొంగురుపోయి ఉంది. "అద్దంలా ఉందక్కా. అఖాతం దాటినప్పటినుంచీ గ్లాసులో నీళ్ళు కూడా కదల్లేదు. వీళ్ళంతా కాఫీ తాగుతూ, తాళ్ళెందుకు తెంచావయ్యా, పిచ్చా నీకు అంటున్నారు. నాకే అనుమానం వస్తోంది, నిజంగా జరిగిందా అని. నువ్వు చెప్పు. అందరూ ఉన్నారా?"

"ఉన్నారు. ఏడుగురూ ఉన్నారు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

పెరీనా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కిందికి చూసింది. ఇక్కడ ఊరిని మింగి కక్కుతున్న నీరూ, అక్కడ గ్లాసు కదలకుండా పడుకున్న నీరూ ఒకటే. మధ్యలో గోడ లేదు, గీత లేదు. ఎంత ఆలోచించినా ఆమె బుర్రకు అందలేదు. మాస్టారిని అడిగింది. పైన పోతున్న గాలి ఒత్తిడి వణికిందనీ, ఆ వణుకుతో సమంగా నడిచే అల బయట బెత్తెడే ఉంటుందనీ, గరాటు లోపలికి వచ్చేకొద్దీ పెరుగుతుందనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. చెప్పి, తల అడ్డంగా ఊపాడు.

"కారణం తెలిస్తే ఆశ్చర్యం తగ్గుతుందనుకునేవాణ్ణమ్మా. తగ్గలేదు."

మధ్యాహ్నానికి సముద్రం అలసిపోయింది. ఒక్కో రాకా కొంచెం చిన్నదైంది, ఆఖరికి గట్టు అంచుకు నాలుగు వేళ్ళ కింద నిలిచి కదలకుండా ఉండిపోయింది. ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. పైమెట్టు ఇళ్ళవాళ్ళు కిందిమెట్టువాళ్ళ పేర్లు పిలిచి, జవాబు వచ్చేదాకా ఊరుకోలేదు. చివరి జవాబు వచ్చాకే ఏడవాల్సినవాళ్ళు ఏడ్చారు.

ఓడ సాయంత్రం నాలుగు గంటలకు వచ్చింది. ప్రోష్పెర్ గట్టు మీదికి దూకి, చౌకులో కొబ్బరి చిప్పల్లా పడి ఉన్న పడవలనూ, రెండో అంతస్తు కిటికీకి వేలాడుతున్న సముద్రపు గడ్డినీ చూశాడు. ఓడ మీద అతన్ని తిట్టినవాళ్ళు ఒక్కొక్కరే దిగి అతని వెనక నిలబడ్డారు. అతను అక్క దగ్గరికి వచ్చి, ఆమె భుజం మీది నాచు ముక్క తీసి పారేశాడు.

"ఏడవకురా, అందరూ చూస్తున్నారు," అంది పెరీనా. ఏడుస్తున్నది తనే.

మర్నాడు ఇంకో దీవికి వెళ్ళాల్సి ఉంది. వెళ్ళలేదు. వెళదామని ఎవరూ అడగలేదు కూడా. మైదానపు పింఛనుదారులు చీపుర్లు, పారలు అడిగి తీసుకున్నారు. ఏటా వసంతంలో నది పొంగే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లోంచి బురద తోడడం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. జుర్జా ఆ ఊరి పోస్టాఫీసులోకి వెళ్ళి, తడిసిన ఉత్తరాలన్నీ తాళ్ళ మీద బట్టల్లా ఆరేసింది. ఒక్కదాన్నీ చదవనివ్వలేదు ఎవరినీ.

గట్టు వెంబడి ఇళ్ళలో పొయ్యి వెలిగే ఇల్లు ఒక్కటీ లేదు. పెరీనా ఓడలోని పెద్ద గిన్నెలన్నీ దింపించింది. టమాటాలు, ఉల్లిపాయలు, వెనిగరు పోసి, కొండ మీదివాళ్ళు తెచ్చిచ్చిన చేపలతో పులుసు కాచింది. మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేసింది. చౌకులో, ఒరిగిన పడవల మధ్య, ఊడిన తలుపులు బల్లలుగా వేసి అందరికీ ఒకే వరసలో వడ్డించింది.

వడ్డిస్తూ ఆమె ఒక సంగతి గమనించింది. బల్లలకు రెండు పక్కలా పీటలున్నా, అందరూ ఒక పక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. సముద్రానికి వీపు పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. నీలంగా, బుద్ధిగా, గట్టును ముద్దాడుతూ అది ఎండలో మెరుస్తోంది. పెరీనా గరిటె గిన్నెలో వదిలి, తన పళ్ళెం తీసుకుని, మాస్టారి పక్కన సందు చేసుకుని కూర్చుంది. సముద్రాన్నే చూస్తూ తిన్నది.